పులికాట్ మొగలు తవ్వాలా, ఇసుకకే వదిలేయాలా?

వాకాడు వేట
విషయం సూటిగా పెడుతున్నా. పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే నోటినే మొగ అంటాం. శ్రీహరికోట దీవికి ఉత్తరం కొసన ఉన్న మా రాయదొరువు మొగ ఇసుకతో పూడిపోయింది. వరదలప్పుడు కాస్త తెరుచుకుంటుంది, నీళ్లు తగ్గగానే మళ్లీ మూసుకుంటుంది. సముద్రం నీళ్లు లోపలికి రావు, సరస్సు ఎండిపోతుంది, రొయ్య ఉండదు, చేప ఉండదు. తవ్వాలి, మళ్లీ పూడకుండా రెండు పక్కలా రాళ్ల గోడలు కట్టాలి. తమిళనాడు వాళ్లు సరస్సు దక్షిణం కొసన పళవేర్కాడు మొగ దగ్గర కట్టుకున్నారు. మనకెందుకు వద్దు? పక్షుల పేరు చెప్పి అడ్డం పడేవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలిసే పెడుతున్నా.

సూళ్లూరుపేట సీను
ముందు సరస్సు మధ్యలో వేసిన రోడ్డు సంగతి తేల్చండి. మొగ తర్వాత.

ఇసుక లెక్క
పక్షుల సంగతి పక్కన పెట్టి ఇసుక సంగతి మాట్లాడుకుందాం. నా ఉద్యోగమంతా కాలువలు, కరకట్టల మీదే గడిచింది.

మన తీరం వెంబడి ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక కొంత వెనక్కి నడుస్తుంది. ఏడాది మొత్తం చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ నడిచే ఇసుకే పేరుకుని శ్రీహరికోట అయింది. దీవికి అటు బంగాళాఖాతం, ఇటు పులికాట్. దాన్ని పుట్టించిన ఇసుకే మొగను కూడా మూస్తోంది. రెండూ ఒకటే పని.

ఇప్పుడు మీరు అడ్డంగా రాళ్ల గోడ పెడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. దీనికి పరిశోధన అక్కర్లేదు, చెన్నై వెళ్లి చూడండి. హార్బరు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా పెరిగింది, ఉత్తరాన రాయపురం తీరాన్ని సముద్రం తినేసింది. రాయదొరువుకు ఉత్తరాన ఉన్న జాలరి పాళేలు ఎవరివి? మీవే కదా.

వాకాడు వేట
సార్, చిల్కాలో 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. చేప దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోంచి 2002లో చిల్కాను తీసేశారు. అవార్డు కూడా ఇచ్చారు. ఒడిశాలో పనిచేసింది ఇక్కడ ఎందుకు పనిచేయదు? దీనికి మాత్రం మీ దగ్గర జవాబు ఉండదు.

ఇసుక లెక్క
ఉంది. చిల్కాలో మొగ తవ్వారు కానీ దాన్ని కదలకుండా గోడలతో బంధించలేదు. తవ్వింది తర్వాత పక్కకు జరిగింది. 2008లో సముద్రమే ఇంకోచోట తెంపుకుని మరో మొగ తెరిచింది. అంటే మీ ఉదాహరణ తవ్వడానికి పనికొస్తుంది, గోడలకు పనికిరాదు. పైగా చిల్కాలోకి మహానది పాయల నీళ్లు దిగుతాయి. మనకు దిగేవి కాళంగి, ఆరణి. వానలు పడిన ఏడాది తప్ప వాటిలో నీళ్లెక్కడివి? లోపలి నుంచి బయటికి తోసే నీళ్ల బలం ఉంటేనే మొగ తెరిచి ఉంటుంది.

వాకాడు వేట
చిల్కా చిల్కానే, పులికాట్ పులికాటే అని చెప్పడానికి ఇంత రాయాలా?

నేలపట్టు కెమెరా
ఒక్క మాట. సరస్సు సగటు లోతు మీటరు అటూఇటూ. ఫ్లెమింగోలు వచ్చేదే ఎక్కువ లోతు లేకపోవడం వల్ల. అవి తల కిందులుగా వంచి ముక్కుతో నీళ్లు వడకట్టుకుని తింటాయి. మోకాలు లోతు నీళ్లు, మెత్తటి బురద, అందులో నాచు, పురుగులు కావాలి. అక్టోబరు నుంచి నీళ్లు మెల్లగా తగ్గుతూ ఉంటే అవి అంచు వెంట జరుగుతూ మేస్తాయి. లోతుగా తవ్విన చోట ఫ్లెమింగో నిలబడలేదు. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు, అది మర్చిపోతున్నారు.

డల్లాస్ నెల్లూరోడు
శ్రీహరికోట రాకెట్ల మోతకే పోని పక్షులు ఇసుక తవ్వే డ్రెడ్జర్‌కు పోతాయా?

నేలపట్టు కెమెరా
1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి, పక్షులు వస్తూనే ఉన్నాయి, నిజమే. మోత నిమిషాల్లో అయిపోతుంది. నీళ్ల లోతు మారితే శాశ్వతంగా మారుతుంది. రెండూ ఒకటి కావు. ఇంకో మాట కూడా చెప్పాలి. దీవి మీద రాకెట్ కేంద్రం కంచె ఉండబట్టే అక్కడి అడవి బతికింది. ఒకప్పుడు అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. ఇప్పుడు లోపల దుప్పులు, నక్కలు, దేవాంగపిల్లులు ఉన్నాయి. ఇలాంటి తీరపు అడవి మనకు ఎక్కువ మిగల్లేదు.

సూళ్లూరుపేట సీను
రోడ్డు అండీ రోడ్డు! సూళ్లూరుపేట నుంచి దీవికి వేసిన రోడ్డు సరస్సును రెండు ముక్కలు చేసింది. తూములున్నాయి అంటారు. ఎన్నింటి నుంచి నీళ్లు పోతున్నాయో మేలో వచ్చి చూడండి. రోడ్డుకు ఉత్తరాన ఉన్న ముక్క ముందు ఎండుతుంది. మీరు మొగ తవ్వి నీళ్లు తెచ్చినా అవి రోడ్డు దగ్గర ఆగిపోతాయి.

ఇసుక లెక్క
సీను గారి మాటలో సగం నిజం. తూముల దగ్గర పూడిక తీయాల్సిందే. కానీ రాయదొరువు రోడ్డుకు ఉత్తరం వైపే ఉంది. ఆ మొగ నుంచి వచ్చే నీళ్లకు రోడ్డు అడ్డం కాదు. దక్షిణం నుంచి వచ్చే నీళ్లకు అడ్డం.

సూళ్లూరుపేట సీను
అడ్డం అని ఒప్పుకున్నారుగా. చాలు.

వాకాడు వేట
కెమెరా మేడమ్, మీరు జనవరిలో వచ్చి ఫోటోలు తీసుకుని పోతారు. మేలో రండి. సరస్సు అడుగు తెల్లగా ఉప్పు పొర కట్టి ఉంటుంది. సరస్సులో ఉన్న వేనాడు దీవికి బండి మీద అడ్డంగా పోతాం, టైరు కింద పరపరమంటుంది. అక్కడక్కడా గుంటల్లో మిగిలిన నీళ్లలో పిల్ల చేపలు పైకి తేలి కంపు కొడుతుంటాయి. ఆ కంపు మీ ఫోటోల్లో పడదు. పక్షులకు ఒక పండగ, దానికి స్టేజీ, మైకు. మాకు ఏం పండగ చేశారు?

నేలపట్టు కెమెరా
పండగ సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఆ రోజుల్లో ఒక పడవ అతను డబ్బులు ఎక్కువ అడిగాడు, ఇచ్చాం. పక్షులు లేస్తే ఫోటో బాగుంటుందని నేరుగా గుంపు మధ్యలోకి తోలాడు. వద్దని అరిచినా ఆపలేదు. వందల పక్షులు మేత వదిలి లేచిపోయాయి. సరస్సు మీద ప్రేమ గురించి మాకు క్లాసు పీకకండి.

వాకాడు వేట
ఒకడు చేసిన పనికి అందర్నీ అంటారా? ఆ డబ్బులిచ్చింది ఎవరు? మీరే.

మోడరేటర్
వ్యక్తిగతంగా పోవద్దు. మొగ గురించే రాయండి.

వాకాడు వేట
సరే, మొగ గురించే. ఇసుక లెక్క సార్ చెన్నైలో కూర్చుని మాకు ఇసుక నీతులు చెబుతున్నారు. చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల గోడలు ఇసుక ఆపలేదా? అప్పుడు ఎవరైనా అడిగారా? రేవు అయితే అభివృద్ధి, మా మొగ అయితే ప్రకృతికి ద్రోహం. దుగరాజపట్నం ఓడరేవు అని 2014 విభజన చట్టంలో రాశారు, అదీ పోయింది. శ్రీహరికోటలో రాకెట్ల మూడో ప్రయోగ వేదికకు 2025లో దాదాపు 4 వేల కోట్లు ఒక్క సంతకంతో వచ్చాయి. అది రావాల్సిందే, కాదనను. కానీ మా మొగ దగ్గరికి వచ్చేసరికే అందరికీ సైన్సు గుర్తొస్తుంది.

ఇసుక లెక్క
ఎన్నూరు గోడలు మంచివని నేను ఎక్కడా రాయలేదు. అక్కడ జరిగిందే ఇక్కడ జరుగుతుందని చెబుతున్నా. మీ కోపం న్యాయమే, మీ గోడ మాత్రం తప్పు.

తడ తమ్ముడు
రెండు రోజులుగా చదువుతున్నా. ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లలో సరస్సులో దిగి వేట చేసేవాళ్లు ఒక్కరూ లేరు. నేను చేస్తా.

మాకు మొగ తెరవాలి. ఎందుకో చెబుతా. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్ల మొగలోంచి లోపలికొచ్చి, మన బురదలో పెరిగి, మళ్లీ బయటికి పోతుంది. మొగ మూసుకుంటే పిల్ల రాదు. అంతే. దీనికి పెద్ద లోతు అక్కర్లేదు. పోటుకు నీళ్లు ఎక్కి పాటుకు దిగితే చాలు. మా పక్క యానాది ఆడవాళ్లు తాటాకు బుట్టను నోట కరుచుకుని, నడుం లోతు నీళ్లలో వంగి, రెండు చేతులతో బురద తడిమి రొయ్య పడతారు. రొయ్య వేలికి తగలగానే గుప్పిట్లో పట్టి బుట్టలో వేస్తారు. వల కూడా లేదు వాళ్లకు. నీళ్లు తల దాటితే వాళ్ల పని అక్కడితో ఆగిపోతుంది.

వాకాడు అన్నకు కావాల్సింది వేరు. రాళ్ల గోడలు, లోతు కాలువ అంటే అది చేపల కోసం కాదు, బోటు లోపలికి రావడానికి. గాలివానప్పుడు బోటు దాచుకోవడానికి. అదీ అవసరమే, కాదనను. కానీ దాన్ని సరస్సు కోసం అని చెప్పకండన్నా. దారి తెరిస్తే ముందు మీ బోటు వస్తుంది, మీ వెనకాలే ఊరూపేరూ తెలియని పెద్ద బోట్లు వస్తాయి.

వాకాడు వేట
తమ్ముడూ, బోటు దాచుకోవడం తప్పా? ఇసుక మీదికి బోటు లాగలేక, అలల్లో నిలబెట్టలేక ఎన్ని పగిలాయో నీకు తెలుసా? మాది పగిలింది. నష్టం రాసుకుపోయిన ఆఫీసు నుంచి ఇప్పటికీ ఏమీ రాలేదు.

సరే, నువ్వు దాచకుండా చెప్పావు కాబట్టి నేనూ చెబుతా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులు మర బోటు కదలదు. మా నాన్న చిన్న వలతో సరస్సులోకి వస్తే, ఇది మా వంతు నీళ్లు, నీకు ఇక్కడ పాడు (వల వేసే వంతు) లేదు అని ఒక ఊరి పెద్దలు వల లాక్కున్నారు. వలను గట్టు మీద పడేసి తొక్కారు. ఆ రోజు నుంచి ఆయన సరస్సు వైపు చూడలేదు. ఇప్పుడు నువ్వొచ్చి సరస్సు తరఫున మాట్లాడుతున్నావు. ఆ సరస్సులో మాకు చోటుందా లేదా, అది ముందు చెప్పు.

తడ తమ్ముడు
వల తొక్కడం తప్పు. కానీ వంతులు ఊరికే పెట్టుకోలేదన్నా. చీటీ వేసి, ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో పంచుకుంటారు. అది లేకపోతే ఉన్న నాలుగు రొయ్యలకు రోజూ తలలు పగులుతాయి.

వాకాడు వేట
ఆ చీటీలో మా ఊరి పేరు ఎందుకు లేదు?

తడ తమ్ముడు
మా యానాదుల పేర్లూ లేవు. వాళ్లు చేతులతో పడుతున్నది అందుకే.

డల్లాస్ నెల్లూరోడు
ఇది మొగ గొడవ కాదని ఇప్పుడు అర్థమైంది.

నేలపట్టు కెమెరా
తడ తమ్ముడు గారు చెప్పిన లోతైతే నాకు అభ్యంతరం లేదు. నీళ్లు పూర్తిగా ఎండిపోతే పక్షులకూ ఏమీ మిగలదు. నేను వద్దంటున్నది బోటు కాలువనే.

వాకాడు వేట
అంటే పక్షులకు సరిపోయే లోతు, యానాదులకు సరిపోయే లోతు. బోటు ఉన్నవాడు సముద్రంలోనే పోవాలి.

ఇసుక లెక్క
ఎవరినీ సముద్రంలో పొమ్మనడం లేదు. బోట్లు నిలిపే చోటు గురించి వేరే దారి వెతకాలి, సరస్సు మొగను రేవుగా మార్చి కాదు. గోడలు లేకుండా ఏటా ఇసుక తీయవచ్చు. తీసిన ఇసుకను దూరంగా పారేయకుండా మొగకు ఉత్తరం వైపు ఒడ్డున పోయాలి. అలలు ఎలాగూ దాన్ని అటే తోసేవి, ఆ పని మనం చేస్తాం. అప్పుడు పాళేలు కోసుకుపోవు. ఖర్చు ప్రతి ఏడాదీ ఉంటుంది, ఒకసారి ప్రారంభోత్సవం చేసి వదిలేసే పని కాదు. అందుకే ఎవరికీ ఇష్టం ఉండదు.

సూళ్లూరుపేట సీను
తూములు కూడా ఏటా తీయాలి. రాసుకోండి.

తడ తమ్ముడు
ఉత్తరం ఒడ్డున ఇసుక పోసేది ఎప్పుడు? జనవరి నుంచి మన తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డు పొదగడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. వాటి మీద ఇసుక కుమ్మరిస్తే పిల్ల పైకి రాదు. ఇప్పటికే 2025 జనవరిలో చెన్నై వైపు ఒడ్డున వందల కొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి.

ఇసుక లెక్క
అయితే అక్టోబరు, నవంబరుల్లో తవ్వి డిసెంబరు లోపు పోసేయాలి. వరద నీళ్లు కూడా అప్పుడే తోస్తాయి, మొగ తనంతట తాను లోతవుతుంది.

వాకాడు వేట
నవంబరులో మొగ దగ్గర డ్రెడ్జర్ ఎవరు నిలబెడతారు సార్? 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. ఆ నెలలో మా బోట్లే ఒడ్డున ఉంటాయి. పోనీ మే, జూన్‌లో తవ్వుదామా అంటే నైరుతి గాలికి ఆ ఇసుకంతా మళ్లీ మొగలోకే వస్తుందని మీరే అంటారు.

ఇసుక లెక్క
అంటాను. సెప్టెంబరు మిగిలింది.

తడ తమ్ముడు
సెప్టెంబరుకు టెండరు ఏప్రిల్లో పిలవాలి. ఎప్పుడైనా పిలిచారా?