ఏడు రోజుల శ్రీలంక యాత్రలో కొలంబోకి ఒక రోజు ఇవ్వాలా?

కృష్ణలంక:
ఫిబ్రవరిలో అమ్మానాన్నల్ని తీసుకుని శ్రీలంక వెళ్తున్నామండీ, ఏడు రోజులు. ట్రావెల్స్ వాళ్ళ ప్లానులో విమానం దిగగానే క్యాండీ, తర్వాత నువర ఎలియ, చివర గాలె, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు. కొలంబో ఊసే లేదు. అడిగితే “అక్కడేముంది సార్, మద్రాసు లాగే ఉంటుంది” అన్నారు. నాన్నేమో అంత దూరం వెళ్ళి రాజధాని చూడకుండా రావడమేంటని పట్టుబట్టారు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

గోదారి గట్టు:
ట్రావెల్స్ వాళ్ళు చెప్పిందే సరైంది. ఎయిర్‌పోర్టు ఉన్నది కొలంబోలో కాదు, ముప్పై కిలోమీటర్ల ఉత్తరాన కటునాయకలో. క్యాండీకి అటునుంచి అటే పోవచ్చు. కొలంబోలోకి దిగితే ట్రాఫిక్‌లోనే సగం పూట పోతుంది. నాన్నగారి మాటకొస్తే, అధికారికంగా రాజధాని కొలంబో కూడా కాదు, పక్కనున్న శ్రీ జయవర్ధనపుర కోట్టె. 1982 నుంచి పార్లమెంటు అక్కడే.

మాకు జరిగింది చెప్తాను. కొలంబోలో గాల్ ఫేస్ మైదానం దగ్గర ఒకాయన మాట కలిపి, “ఇవాళ ఒక్కరోజే గుళ్ళో ఏనుగుల పండగ, పదండి” అని ఆటో ఎక్కించాడు. గంగారామయ గుడి ముందు దింపాడు. పండగా లేదు, ఏమీ లేదు. కిరాయి ఎంతడిగాడో విని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు సీగిరియా కొండకోటకి ఇచ్చుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధే.

పాలారు:
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ దానికి ఊరినే వదిలేయమనడం ఒప్పుకోలేను.

మాది చిత్తూరు. వేలూరు మాకు దగ్గర. అక్కడ పాలారు ఒడ్డున ముత్తుమండపం అని ఉంటుంది, క్యాండీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ సమాధి. చిన్నప్పటి నుంచీ ఆ దారిన ఎన్నిసార్లు పోయానో, లంక రాజుకి ఇక్కడేం పని అని ఒక్కసారీ ఆలోచించలేదు. 1739 నుంచి క్యాండీని ఏలింది మదురై వైపు నుంచి వెళ్ళిన నాయక వంశంవాళ్ళు. మూలం తెలుగువాళ్ళు. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఈ ఆఖరాయన్ని పట్టుకుని కొలంబో తెచ్చారు. మరుసటేడు ఓడెక్కించి వేలూరు పంపారు. 1832లో అక్కడే పోయాడు.

ఆయన కూర్చున్న సింహాసనం కొలంబో నేషనల్ మ్యూజియంలో ఉంది. 1693లో డచ్చివారు అప్పటి క్యాండీ రాజుకి కానుకగా ఇచ్చింది. చెక్క మీద బంగారు రేకు, చేతులు ఆనించే చోట రెండు సింహాలు, ఎర్ర మఖమలు. బ్రిటన్ పట్టుకుపోయి 1934లో తిరిగిచ్చింది. దాని ముందు నిలబడితే నాకు కళ్ళ ముందు మెదిలింది ఆ పాలారు ఒడ్డు సమాధే. అక్కడ ఎంతసేపున్నానో తెలీదు, కాపలా మనిషి వచ్చి పక్కకి జరగమన్నాడు.

అదే మ్యూజియంలో గాలెలో 1911లో దొరికిన శాసనం ఉంది. చైనా నావికుడు జెంగ్ హే వేయించింది. ఒకే రాతి మీద చైనీసు, తమిళం, పర్షియన్. గాలె ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఇది తప్పక చూడండి.

పెద్దవాళ్ళకైతే కెలనియ. ఊరి అంచునే, కెలని నది పక్కన. బౌద్ధ విహారమే గానీ ఆవరణలో విభీషణుడికి గుడి ఉంది, ఇప్పటికీ పూజలందుకుంటున్నాడు. రామాయణం చదివే ఇంట్లోవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? లోపల సోలియస్ మెండిస్ వేసిన గోడచిత్రాల్లో అశోకుడి కూతురు సంఘమిత్ర బోధి మొక్క తెస్తున్న బొమ్మ దగ్గర తీరిగ్గా కూర్చోండి.

గోదారి గట్టు:
రాజు సంగతే అయితే, ఆయన తవ్వించిన చెరువు క్యాండీ నడిబొడ్డునే ఉంది తమ్ముడూ. బుద్ధుడి దంతధాతువు ఆలయం ఆ ఒడ్డునే. ఇంకోటి, తన మంత్రి ఎహెలపోల భార్యనీ పిల్లల్నీ చంపించిన రాజు ఆయన. తెలుగు మూలమని మనం పొంగిపోవడం నాకు నచ్చదు.

పాలారు:
ఆ పిల్లల కథ నాకూ తెలుసన్నా. మంచి రాజని నేననలేదు, సమర్థించను కూడా. క్యాండీ ప్రధానులే విసిగిపోయి ఇంగ్లీషువాళ్ళతో చేతులు కలిపారు. కానీ మన వైపు నుంచి వెళ్ళి, మన వైపే వచ్చి పోయిన మనిషి కథ ఇది. క్యాండీలో చెరువు చూసి వచ్చేస్తే కథలో సగమే తెలుస్తుంది.

కొలంబో నుంచి:
నాలుగేళ్ళుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. కృష్ణలంక గారూ, ఇద్దరూ చెప్పింది నిజమే, మార్చాల్సింది వరుస. కొలంబోని చివరి రోజున పెట్టుకోండి. గాలె నుంచి కొలంబో ఫోర్ట్ స్టేషనుకి రైల్లో రండి, ఎడమ పక్క కిటికీ పట్టుకుంటే సముద్రం చాలాదూరం వెంటే వస్తుంది. వెనక్కి తిరిగినట్టూ ఉండదు.

గోదారి గట్టు గారూ, ఆ ఏనుగుల పండగ అబద్ధం కాదండీ, మీకు చెప్పిన రోజు అబద్ధం. మన మాఘ పౌర్ణమికి గంగారామయలో నవం పెరహర జరుగుతుంది, 1979 నుంచి. ఫిబ్రవరిలో వస్తున్నారు గనక తేదీ చూసుకోండి. ఆటోకి ఫోన్లో యాప్ వాడండి, బేరం గోల ఉండదు.

పెట్టా బజారుకి పనిరోజు ఉదయమే వెళ్ళండి. 1909లో పూర్తైన ఎర్ర మసీదు ఆ ఇరుకు వీధిలోనే. గోడలకి ఎరుపు తెలుపు చారలు, పైన దానిమ్మ కాయల్లాంటి గుమ్మటాలు. సాయంత్రం గాల్ ఫేస్‌లో ఇస్సో వడ తినండి. ఇస్సో అంటే సింహళంలో రొయ్య. మన పప్పు వడ లాంటిదాన్ని పలచగా తట్టి, తలా తోకా తీయని రొయ్యల్ని పైన అద్ది వేయిస్తారు, ఉల్లిపాయా కారం వేసి కాగితంలో ఇస్తారు. అమ్మగారు మాంసం ముట్టకపోతే నారింజ రంగు కొబ్బరి బొండాం ఉంది, తంబిలి అంటారు.

కృష్ణలంక:
నాన్నకి చదివి వినిపించాను. విభీషణుడి గుడి అనగానే “అది ముందు” అన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. కెలనియలో మెట్లు ఎక్కువా?

కొలంబో నుంచి:
కొన్ని మెట్లున్నాయి, నిదానంగా ఎక్కచ్చు. ఇబ్బంది మెట్లతో కాదు. చెప్పులు బయటే విడవాలి, పొద్దెక్కితే నేల కాళ్ళు కాలుస్తుంది. ఎనిమిదింటికల్లా లోపల ఉండేలా చూసుకోండి, ముగ్గురూ తెల్లబట్టల్లో వెళ్ళండి.