చర్చి పక్కన పాత ఇల్లు: మ్యూజియంగా ఉంచాలా, హోటల్ చేయాలా?

ప్రశ్న:
స్కాట్లాండ్‌లో కతీడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) పక్కన మతగురువుల పాత ఇళ్లు కొన్ని మిగిలాయి కదండీ. డన్‌బ్లేన్‌లో 1624లో డీన్ (కతీడ్రల్ మతగురువుల పెద్ద) జేమ్స్ పియర్సన్ కట్టించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. డార్నాక్‌లో బిషప్ కోట 1947 నుంచి హోటల్. నా ఓటు హోటల్‌కే. గదుల అద్దెతోనే దాని మరమ్మతులు గడిచిపోతాయి. వాలంటీర్లతో మ్యూజియం ఎన్నాళ్లు నడుస్తుంది?

జవాబు 1:
డార్నాక్ సంగతి వేరండీ. 1570లో ఊరి మీద దాడి జరిగి, కతీడ్రల్ తగలబడింది. ఆ కోట తర్వాత కోర్టు, జైలు, బడి కూడా అయింది. అన్ని వాడకాలు చూసిన కట్టడం హోటల్ అయితే పోయేదేమీ లేదు.

డన్‌బ్లేన్ ఇల్లు అలాంటిది కాదు. 1690లో చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ పద్ధతికి, అంటే బిషప్పులు కాక సంఘ పెద్దలు నడిపే పద్ధతికి, స్థిరపడ్డాక అందులో బిషప్పులకూ, వాళ్ల డీన్లకూ చోటు లేకుండా పోయింది. పక్కనున్న కతీడ్రల్ నేటికీ పేరుకే కతీడ్రల్, అక్కడ బిషప్ లేడు. అంటే ఆ పదవి పోయినా మిగిలిన ఇల్లు ఇది. లోపల కమ్యూనియన్ టోకెన్లు (చర్చిలో ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అనుమతి బిళ్లలు) వేల సంఖ్యలో ఉన్నాయి, చాలావరకు సీసపు ముక్కలు. సంఘ పెద్దలు విశ్వాసిని ప్రశ్నలడిగి, తృప్తి పడితేనే ఒకటి చేతిలో పెట్టేవారు. ప్రభు బల్ల దగ్గర అది తిరిగి ఇవ్వాలి. లేనివాడికి రొట్టె లేదు! ఊరంతా చూస్తుండగా బల్ల దగ్గరికి వెళ్లలేకపోవడం ఎంత అవమానమో ఆలోచించండి. వాటిని చూడాల్సింది ఆ కతీడ్రల్ నీడలోనే. హోటల్ అయితే రిసెప్షన్ గోడకు ఓ నాలుగు తగిలిస్తారు, అంతే.

జవాబు 2:
వాడకం అంటే చిన్నచూపు వద్దండీ. గ్లాస్గోలో కతీడ్రల్ ఎదురుగా ఉన్న ప్రోవాండ్స్ లార్డ్‌షిప్ అనే ఇల్లు 1471 నాటిది. ఒకప్పుడు అందులో దుకాణాలు నడిచాయి. జనం వాడుతూ ఉండబట్టే అది కూలకుండా నిలిచింది. దాన్ని కాపాడే సొసైటీ 1906లో గానీ పుట్టలేదు.

జవాబు 1:
నిజమే, వాడకం దాన్ని నిలబెట్టింది. కానీ ఆ సొసైటీ రాకపోతే? దుకాణదారుడికి ఇల్లు పాతబడితే కొత్తది కట్టుకోవడమే లాభం. డన్‌బ్లేన్‌లో మరమ్మతుల ఖర్చే సమస్య అయితే దానికి నిధి అడుగుదాం, కౌన్సిల్‌కు రాద్దాం. ఇల్లు హోటల్ చేసే మాట మాత్రం నేను ఒప్పుకోను.