కమాండ్లు కొట్టే టెర్మినల్‌ని బ్రౌజర్‌లో పిల్లలకి చూపించాలి, మీరు ఏం వాడుతున్నారు?

పల్నాడు_ల్యాబ్:
అందరికీ నమస్కారం. నేను ఒక డిప్లొమా కాలేజీలో లైనక్స్ ల్యాబ్ చూస్తాను. సెలవుల్లో ఆన్‌లైన్ క్లాసులు పెట్టాల్సి వచ్చింది, 58 మంది పిల్లలు, నలుగురిలో ముగ్గురు ఫోన్లోనే చూస్తారు. స్క్రీన్ షేర్ పెడితే అది వీడియో కాబట్టి నెట్ తగ్గినప్పుడల్లా అక్షరాలు ముద్దయిపోతున్నాయి. మొన్న ఫైళ్ల పర్మిషన్లు, వివరాలు చూపించే ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టి చూపిస్తే ఒకమ్మాయి దాన్ని ఎల్ఎస్ హైఫన్ ఒకటి అని చదువుకుని అదే కొట్టింది. ఎర్రర్ వస్తే అక్కడే దొరికిపోయేది, కానీ హైఫన్ ఒకటి కూడా సరైన ఆప్షనే, లైనుకో ఫైలు పేరు చూపిస్తుంది. "సార్, నాకు పర్మిషన్లు కనపడట్లేదు" అంటే నేను ఆ అమ్మాయి ఫోల్డర్లో తప్పు వెతుకుతూ పావుగంట పోగొట్టాను. పాపం తన తప్పేం లేదు, ఆ బొమ్మలో ఎల్‌కీ ఒకటికీ తేడా ఎవరికీ తెలియదు. నా టెర్మినల్ వాళ్ల బ్రౌజర్లో బొమ్మలా కాకుండా అక్షరాలుగానే కనపడాలి. ఏం వాడాలి?

రాత్రిడ్యూటీ:
సార్, మీకు కావలసింది టీటీవైడీ. చిన్న ప్రోగ్రాం, సీ భాషలో రాశారు, మీరు ఇచ్చిన కమాండ్‌ని నడిపించి దాన్ని వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌తో తెగకుండా ఉండే కనెక్షన్) మీద బ్రౌజర్‌కి పంపిస్తుంది. బ్రౌజర్లో గీసి చూపించేది ఎక్స్‌టర్మ్ జేఎస్, వీఎస్ కోడ్‌లో కింద తెరుచుకునే టెర్మినల్ కూడా అదే. వెళ్లేది అక్షరాలే కాబట్టి డేటా చాలా తక్కువ, బలహీనమైన సిగ్నల్ మీద కూడా నడుస్తుంది. ఏం మార్చకపోతే 7681 పోర్టు (కంప్యూటర్లోకి వచ్చే దారి నంబరు) మీద తెరుచుకుంటుంది.

ఒక్కటి మాత్రం మొదట్లో అందరూ పొరబడతారు. టీటీవైడీకి నేరుగా బాష్ (మనం కొట్టే కమాండ్లు నడిపే షెల్) ఇస్తే లింకు తెరిచిన ప్రతి మనిషికీ వేరే కొత్త షెల్ వస్తుంది, మీరు కొట్టేది వాళ్లకి కనపడదు. అందరూ ఒకే తెర చూడాలంటే మధ్యలో టీమక్స్ ఉండాలి, ఒకే టెర్మినల్ సెషన్‌ని చాలామంది కలిసి తెరవనిచ్చే ప్రోగ్రాం అది. మీరు మామూలుగా టీమక్స్ సెషన్ తెరుచుకుని అందులో పని చేసుకోండి, టీటీవైడీ చేత అదే సెషన్‌కి అటాచ్ చేయించండి.

విజ్జి_సర్వర్స్:
పైన చెప్పింది సరైనదే, కానీ లింకు ఇచ్చే ముందు నా అనుభవం ఒకటి చదవండి సార్. మూడేళ్ల కిందట నేను ఒక అద్దె సర్వర్ మీద గోటీటీ పెట్టాను. అది కూడా ఇలాంటిదే, టీటీవైడీకి ముందు వచ్చింది. మామూలుగా చూడటానికి మాత్రమే ఇస్తుంది, నాకు స్నేహితురాలు కూడా టైప్ చేయాలి కాబట్టి రాసే ఆప్షన్ ఆన్ చేశాను, పాస్‌వర్డ్ పెట్టలేదు, అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్‌తోనే నడిపాను. పది నిమిషాల పని కదా, ఈ ఐపీ ఎవరికి తెలుసులే అనుకున్నాను. పని అయ్యాక ఆపడం మర్చిపోయి పడుకున్నాను. పొద్దున లేచేసరికి సీపీయూ నూటికి నూరు కొట్టుకుంటోంది, నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా ఇచ్చే టాప్‌లో చూస్తే నేనెప్పుడూ వినని పేరుతో ఒక ప్రాసెస్, చంపితే నిమిషంలో మళ్లీ లేస్తోంది. చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌లో కూడా ఒక లైను రాసి పెట్టారు. ఎవరో కాయిన్ మైనింగ్‌కి వాడుకుంటున్నారు. ఇంటర్నెట్ మొత్తం ఐపీలని, పోర్టులని రాత్రీపగలూ తడిమి చూసే స్కానర్లు ఉంటాయి, 8080 లాంటి పోర్టు వాటికి మొదటి మజిలీ. సర్వర్ మొత్తం చెరిపేసి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

షెల్‌ని రాసే హక్కుతో ఇచ్చామంటే కీబోర్డు వాళ్ల చేతిలో పెట్టినట్టే. పిల్లలకి చూడటం వరకే ఇవ్వండి.

పల్నాడు_ల్యాబ్:
చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది మేడమ్. నా సొంత ల్యాప్‌టాప్ నుంచే క్లాస్ చెప్తాను, ఇంటి విషయాలన్నీ అందులోనే ఉన్నాయి. చూడటం వరకే అని ఎలా ఖాయం చేసుకోవాలి?

రాత్రిడ్యూటీ:
రెండు తాళాలు వేయండి సార్. ఒకటి టీటీవైడీది: 1.7.4 వెర్షన్ నుంచి అది మామూలుగానే చూడటం వరకే ఇస్తుంది, హైఫన్ పెద్ద డబ్ల్యూ ఇస్తే తప్ప ఎవరూ టైప్ చేయలేరు. అంతకు ముందు వెర్షన్లలో తలకిందులు, ఏం చెప్పకపోతే రాయనిచ్చేది, ఆపాలంటే మనమే ఆప్షన్ ఇవ్వాలి. కాబట్టి పాత పాఠాలు చూసి కాపీ కొట్టేముందు మీ దగ్గర ఉన్న వెర్షన్ ఎంతో చూసుకోండి.

రెండోది టీమక్స్‌ది: అటాచ్ చేసేటప్పుడు హైఫన్ ఆర్ ఇవ్వండి. ఇందులో ఇంకో లాభం ఉంది, మీ క్లాసుకి ఇదే ప్రాణం. టీమక్స్‌లో ఒకే సెషన్‌ని చిన్న తెరవాళ్లు, పెద్ద తెరవాళ్లు కలిసి తెరిస్తే కొలతల గొడవ వస్తుంది. ఎవడో ఫోన్ నిలువుగా పట్టుకుని లింకు తెరిచాడంటే మీ ల్యాప్‌టాప్‌లో కూడా విండో బెత్తెడు అయిపోయి, మిగతా తెరంతా చుక్కలు పడుతుంది. టీమక్స్ 3.2 నుంచి హైఫన్ ఆర్ ఇస్తే రాయనివ్వకపోవడమే కాదు, వాళ్ల తెర కొలతని లెక్కలోకే తీసుకోదు. మీ కొలతే నిలుస్తుంది. ఫోన్లో పట్టనంత వెడల్పు ఉంటే కర్సర్ ఎక్కడుంటే ఆ ముక్క చూపిస్తుంది. అందుకని మీ విండోని 80 కాలమ్స్ దాటనివ్వకండి, ఫోన్లు అడ్డంగా తిప్పుకోమనండి.

ప్రాంప్ట్_పద్మ:
క్లాస్ కోసం ల్యాప్‌టాప్‌లో కొత్త యూజర్ ఒకటి తయారు చేసుకోండి సార్, టీమక్స్, టీటీవైడీ రెండూ ఆ యూజర్‌తోనే నడపండి. కారణం చెప్తాను. నేను టీమ్‌కి ఒక డెమో చూపిస్తూ పాత కమాండ్ కోసం పై బాణం నాలుగుసార్లు నొక్కాను, మూడోసారికి డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా ఎప్పుడో కొట్టిన లైను తెర మీదకి వచ్చింది. అర సెకను కూడా లేదు. కానీ అది వీడియో కాదు, అక్షరాలు, చూసేవాళ్లు సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు. ఆ రోజే పాస్‌వర్డ్ మార్చాం. కొత్త యూజర్ అయితే హిస్టరీ ఖాళీగా ఉంటుంది, ఫైళ్లు ఉండవు, సూడో హక్కు (రూట్‌లా కమాండ్లు నడిపే అధికారం) కూడా ఇవ్వకండి.

డల్లాస్_రాత్రి:
నా వాడకం వేరు. నేను ఇక్కడ, మా టీమ్ హైదరాబాద్‌లో, ఇద్దరం కలిసి ఒకే సర్వర్ మీద తప్పు వెతకాలి, ఇద్దరం టైప్ చేయాలి. చాలాకాలం టీమేట్ వాడాం. అది టీమక్స్ నుంచి చీలి వచ్చిందే, తెరవగానే నాలుగు లింకులు ఇస్తుంది, ఎస్ఎస్‌హెచ్‌కి (టెర్మినల్ నుంచే దూరపు కంప్యూటర్లోకి వెళ్లే పద్ధతి) రెండు, బ్రౌజర్‌కి రెండు, ఒక్కోదాంట్లో చూడటానికి ఒకటి, రాయడానికి ఒకటి. ఇంటి రౌటర్లో ఏమీ తెరవక్కర్లేదు, ల్యాప్‌టాపే బయటి సర్వర్‌కి వెళ్లి కలుస్తుంది. ఇబ్బందల్లా ఏంటంటే మధ్యలో ఉన్న ఆ సర్వర్‌కి మనం కొట్టేదంతా తెలుస్తుంది. కావాలంటే ఆ సర్వర్‌ని మనమే సొంతంగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఎస్ఎస్‌హెచ్ఎక్స్‌కి మారాం. రస్ట్ భాషలో రాసింది, 2023లో వచ్చింది. ఒకే పేజీలో ఎన్ని టెర్మినల్ విండోలైనా పరుచుకోవచ్చు, అవతలివాళ్ల మౌస్ ఎక్కడుందో కూడా కనపడుతుంది. తాళంచెవి లింకులోనే హాష్ గుర్తు తర్వాత ఉంటుంది, బ్రౌజర్ ఆ భాగాన్ని సర్వర్‌కి పంపదు, కాబట్టి మధ్యవాళ్లకి గుప్తలిపి తప్ప ఇంకేం కనపడదు. అయితే లింకు దొరికినవాడికి అంతా దొరికినట్టే, దాన్ని వాట్సాప్ గ్రూపులో పడేయకూడదు. చూసేవాళ్లకి వేరే లింకు కావాలంటే ఎనేబుల్ రీడర్స్ అనే ఆప్షన్ ఇచ్చి మొదలుపెట్టాలి.

విజ్జి_సర్వర్స్:
కంట్రోల్ డబ్ల్యూ గురించి ఎవరూ చెప్పలేదు! షెల్‌లో అది ఒక మాట చెరుపుతుంది, విమ్ ఎడిటర్‌లో విండో మారుస్తుంది, బ్రౌజర్లో ట్యాబే మూసేస్తుంది. వేళ్లకి అలవాటు, మనం ఆలోచించేలోపే నొక్కేస్తాయి. ఒకసారి టీమక్స్ లేకుండా బ్రౌజర్ టెర్మినల్‌లో సర్వర్ అప్‌గ్రేడ్ నడుస్తుండగా ట్యాబ్ పోయింది, దాంతోపాటు అప్‌గ్రేడ్ కూడా సగంలో తెగింది, ప్యాకేజీలు సరిచేయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. టీమక్స్ ఉంటే ట్యాబ్ పోయినా లోపల పని నడుస్తూనే ఉంటుంది. మాట చెరపడానికి ఆల్ట్ బ్యాక్‌స్పేస్ అలవాటు చేసుకున్నాను.

పల్నాడు_ల్యాబ్:
సార్, మేడమ్, అందరికీ ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. పిల్లలు ఊళ్లల్లో ఎవరి ఇంట్లో వాళ్లు ఉన్నారు, నేను ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నాను. నా 7681 పోర్టు వాళ్లకి ఎలా చేరుతుంది?

రాత్రిడ్యూటీ:
నేరుగా చేరదు సార్. మొబైల్ నెట్‌లో మీ ఫోన్‌కి సొంతంగా పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల క్విక్ టన్నెల్ వాడండి, మీ పోర్టుని వాళ్ల సర్వర్ల దారిన బయటికి చేరుస్తుంది, ఖాతా అక్కర్లేదు, కమాండ్ కొట్టగానే కొన్ని మాటలు అతికించినట్టుండే ఒక అడ్రస్ ఇస్తుంది, హెచ్‌టీటీపీఎస్‌తో సహా. ఒకేసారి 200 రిక్వెస్టుల పరిమితి ఉంది, మీ 58 మందికి చాలు. వాళ్లే ఇది టెస్టింగ్ కోసం అని చెప్తారు, కాబట్టి రోజూ వాడేదైతే సరైన టన్నెల్ పెట్టుకోవాలి. టీటీవైడీని 127.0.0.1 (మీ ల్యాప్‌టాప్ లోపలి వరకే పనిచేసే అడ్రస్) మీద మాత్రమే వినేలా పెట్టండి, అప్పుడు టన్నెల్ దారి తప్ప ఇంకో దారి ఉండదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ హైఫన్ చిన్న సీతో ఇవ్వండి. హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఆ పాస్‌వర్డ్‌ని నమ్ముకోవద్దు, అది దాచిపెట్టి వెళ్లదు, ఊరికే బేస్64లో మార్చి వెళ్తుంది, దారిలో ఎవరైనా విప్పుకోవచ్చు.

సొంత సర్వర్‌లో ఎంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనక పెట్టేవాళ్లకి ఒక మాట: వెబ్‌సాకెట్ కోసం అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు దాటించకపోతే పేజీ తెరుచుకుంటుంది కానీ తెర నల్లగానే ఉండిపోతుంది.

తెలుగు_ఫాంట్ల_పిచ్చి:
విషయానికి దగ్గరదే కాబట్టి అడుగుతున్నా, వీటిల్లో తెలుగు ఫైలు తెరిచి చూపించారా ఎవరైనా? టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ కొలిచిన గడిలో కూర్చోబెడుతుంది, మన ఒత్తులు, గుణింతాలు గడుల లెక్కకి లొంగవు. నా దగ్గర "శ్రీ" అని ఉన్న లైను బ్రౌజర్లో శ ఒక దగ్గర, ర వత్తు ఇంకో దగ్గర పడుతోంది. మన పిల్లలకి మన అక్షరాలతో ఒక గ్రెప్ (ఫైలులో మాట వెతికే కమాండ్) చేసి చూపిద్దామంటే కుదరకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ప్రాంప్ట్_పద్మ:
నాకూ అలాగే వస్తుంది. గ్రెప్ మాత్రం లోపల సరిగ్గానే పనిచేస్తుంది, తెర మీద కనపడేదే విరుగుతుంది. నేను ఫలితాన్ని ఫైలులో పెట్టి మామూలు బ్రౌజర్ పేజీలో తెరిచి చూపిస్తాను.

పల్నాడు సార్, క్లాస్‌కి రాలేకపోయినవాళ్ల కోసం ఆస్కీనెమా కూడా చూడండి. టెర్మినల్‌ని అక్షరాలుగానే రికార్డు చేస్తుంది, చూస్తూ మధ్యలో ఆపి కమాండ్ కాపీ చేసుకోవచ్చు. 2025లో వచ్చిన 3.0లో లైవ్ స్ట్రీమ్ కూడా పెట్టారు, అందులో చూసేవాళ్లు టైప్ చేసే దారే లేదు.

పల్నాడు_ల్యాబ్:
ఇవాళ క్లాస్ అయింది. కొత్త యూజర్, టీమక్స్ హైఫన్ ఆర్, టీటీవైడీ, క్విక్ టన్నెల్, మాటల కోసం ఆడియో కాల్ మాత్రమే. మొదటి పది నిమిషాలు పాస్‌వర్డ్ పెట్టెలో ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేసేస్తోందని తెలియక కొంతమంది లోపలికి రాలేకపోయారు, పాస్‌వర్డ్‌ని అంకెల్లోకి మార్చేశాను. తర్వాత నెట్ పోయి వచ్చినవాళ్లు కూడా అడగలేదు, మళ్లీ కలవగానే టీమక్స్ తెరంతా తిరిగి గీసేస్తోంది. ఎల్‌కి, ఒకటికి తేడా బాగా తెలిసే ఫాంట్ పెట్టాను. ఆ అమ్మాయే ఇవాళ నా తెర మీద వచ్చిన ఎర్రర్ లైనుని కాపీ చేసి చాట్‌లో పెట్టి "సార్, ఇందులో రెండో మాట అర్థం కాలేదు" అంది. ఇన్నాళ్లూ ఫోటోలు వచ్చేవి, వేలి నీడతో సహా.

విజ్జి_సర్వర్స్:
చాలా సంతోషం సార్. క్లాస్ అయ్యాక ఆపేశారా?

పల్నాడు_ల్యాబ్:
ఆపాను మేడమ్. టన్నెల్ దగ్గర ఒక కంట్రోల్ సీ, టీటీవైడీ దగ్గర ఒక కంట్రోల్ సీ. తర్వాత ఫోన్లో మొబైల్ డేటా మీద అదే లింకు తెరిచి చూశాను, రాలేదు.