అంతర్వేది దగ్గర పండుగప్ప వేట: ప్రాణంతో ఉన్న ఎర గురించి సలహా కావాలి

ప్రశ్న – చెరువుగట్టు

అందరికీ నమస్కారం. సంక్రాంతికి నరసాపురంలోని మా అత్తవారింటికి వస్తున్నాము. మా మామగారికి తెలిసిన ఒక మత్స్యకారుడు, కనుమ మరునాడు తెల్లవారుజామున తన ఫైబర్ పడవలో అంతర్వేది వైపు, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా తీసుకువెళ్తానని ఒప్పుకున్నారు. ఆయన వలవేటలో ఆరితేరినవారే గాని, రాడ్డు, రీలుతో పండుగప్పను పట్టడం ఆయనకు అలవాటు లేదు. చెరువుల్లో పిండిముద్ద గుచ్చి బొచ్చెలను, శీలావతులను పట్టడమే నాకు తెలుసు. ప్రాణంతో ఉన్న ఎరను ఇంతవరకు వాడలేదు. చుట్టుపక్కల రొయ్యల చెరువులకు కొదవ లేదు కనుక వెనామీ రొయ్యలను బకెట్టులో పట్టుకుపోతే సరిపోతుందా? ఎన్ని గంటలకు బయలుదేరాలి, పడవను ఎక్కడ నిలపాలి? వీలైతే పులసకు కూడా ప్రయత్నించాలని మా బావమరిది పట్టుబడుతున్నాడు.

సమాధానం – వశిష్ఠతీరం

ముందుగా మీ బావమరిదిగారికి ఒక మాట. పులస వరద గోదావరికి ఎదురీది వచ్చే చేప, అది జూలై నుంచి సెప్టెంబరు వరకు కనబడేది. పైగా నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినే జాతి కనుక అది వలకు పడవలసిందే గాని గాలానికి ఆశపడదు.

ఇక ఎన్ని గంటలకు బయలుదేరాలన్నది గడియారాన్ని బట్టి కాక ఆటుపోట్లను బట్టి నిర్ణయించుకోవలసిన విషయం. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండుగే గాని తిథిని బట్టి వచ్చేది కాదు కనుక, ఆ వారంలో పోటు ఏ వేళకు నిండుతుందన్నది ఏటా మారుతుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సుమారుగా ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య పోటు నిండుతుంది. ఆ తరువాత రోజుకు ఇంచుమించు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమి నాటికి అదే వేళకు నీరు పూర్తిగా తగ్గి ఉంటుంది. మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఈ వేళలు మరికొంత ఆలస్యమవుతాయి. మీరు వెళ్లే రోజు అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా పడితే, పోటు చివరి గంటకు చేరుకుని, నీరు తిరిగి లాగడం మొదలైన తరువాత రెండు గంటలైనా అక్కడే ఉండండి. మడచెట్ల మధ్యకు పోటుతో ఎక్కిన చిన్న చేపలు, రొయ్యలు ఆటు లాగేటప్పుడు పిల్లకాలువల గుండా గోదావరిలోకి దిగక తప్పదు, పండుగప్ప ఆ కాలువల నోటి దగ్గరే పొంచి ఉంటుంది. కాలువ నోటికి ఎగువన, పక్కగా లంగరు వేసి ఎరను ప్రవాహంతో పాటు కిందికి జారవిడవాలి. నీరు కదలకుండా నిలిచిన వేళ ఎంత మంచి ఎర వేసినా ఫలితం తక్కువ.

సమాధానం – మడచెట్టు

వెనామీ రొయ్యల ఆలోచన దయచేసి మానుకోండి. మన దేశంలో 2009 నుంచి అనుమతించిన ఈ విదేశీ రొయ్యను చెరువుకు పరిమితం చేయడమే మంచిది. చెరువు రొయ్యలో తెల్లమచ్చ వైరస్ ఉంటే, అది మనిషికి హాని చేయదు గాని గోదావరిలోని స్థానిక రొయ్యలకు, పీతలకు సోకగలదు. వేట ముగిశాక మిగిలిన ఎరను నీళ్లలో కుమ్మరించడం చాలామందికి అలవాటు కూడానూ. అదీ గాక ఉప్పు తక్కువున్న చెరువు నీటి నుంచి తెచ్చిన రొయ్య మొగ దగ్గరి ఉప్పునీటిలో పడగానే నీరసించిపోతుంది.

మీ పడవవారు వలవేటగారే కదా, అంతకంటే ఏం కావాలి! లోతు తక్కువ ఉన్న ఒడ్డున ఆయన చేత నాలుగు సార్లు విసురువల వేయిస్తే, వేలెడంత కత్తిపరిగె చేపపిల్లలు, స్థానిక రొయ్యలు అక్కడే దొరుకుతాయి. వాటిని ఆ నీటిలోనే ఉంచండి, కుళాయి నీరు వాడవద్దు. బ్యాటరీతో పనిచేసే గాలి పంపు ఒకటి బకెట్టుకు తగిలించి, చచ్చినదాన్ని చచ్చినట్టే తీసివేస్తూ, అప్పుడప్పుడు సగం నీరు మారుస్తూ ఉండాలి. ఆశకొద్దీ యాభై కుక్కడం కంటే పదిహేను చురుకైనవి ఉంచుకోవడం మేలు.

చెరువుగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెరువు రొయ్యల ఆలోచన విరమించుకున్నాను. అయితే రొయ్యను, చేపపిల్లను గాలానికి ఎలా గుచ్చాలి? రెండింటిలో దేనికి ప్రాధాన్యం ఇమ్మంటారు?

సమాధానం – సీసపుగుండు

నేను కత్తిపరిగెకే ఓటు వేస్తాను. రొయ్యను ప్రతి చిన్న చేపా కొరికిపోతుంది, అప్పుడు అసలు చేప వచ్చేసరికి గాలం ఖాళీగా ఉంటుంది. నీరు బాగా మడ్డిగా ఉన్నప్పుడు మాత్రం రొయ్యే నయమని కొందరంటారు, అది కొట్టివేయదగిన మాట కాదు. చేపపిల్లను ప్రవాహంలో వదిలేటట్లయితే రెండు పెదవుల గుండా గుచ్చండి, అప్పుడది ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి సహజంగా ఈదుతుంది. రొయ్యకు తల లోపల కనబడే నల్లని మచ్చను తాకకుండా, కొమ్ము కింద పలుచగా గుచ్చాలి; ఆ మచ్చలో దూరితే వెంటనే చస్తుంది.

సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం) వాడుతున్నట్లయితే చేప అందుకోగానే రాడ్డును గుంజవద్దు, రీలు తిప్పుతూ దారం బిగించండి చాలు, గాలం దానంతటదే దవడ మూలకు పట్టుకుంటుంది. చెరువు వేటలో చేయి అలవాటుపడిన వారికి ఇదే అన్నిటికంటే కష్టం. పండుగప్ప మొప్పల మూతల అంచు బ్లేడులా కోస్తుంది, కనుక చివరి మీటరుకు మందమైన లీడర్ దారం కట్టండి, చేపను పట్టుకునేటప్పుడు వేళ్లు అక్కడ పెట్టవద్దు. ఈ చేప మొదట మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. చేతికి చిక్కిన మరీ పెద్ద చేపను ఫొటో తీసుకుని వదిలివేస్తే మంచిదని నా అభిప్రాయం, ఇంటివాళ్లు ఒప్పుకుంటే!

సమాధానం – వశిష్ఠతీరం

ఒకటి చెప్పడం మరిచాను. జనవరిలో గోదావరి మీద మంచు దట్టంగా పడుతుంది, సఖినేటిపల్లి–నరసాపురం మధ్య రేవు దాటించే పంటు సైతం ఆగే రోజులుంటాయి. అటువంటి ఉదయం పోటు వేళ తప్పిపోతుందని తొందరపడక, ఎదుటి గట్టు కనబడేదాకా రేవులోనే ఉండండి. మొగ దాటి సముద్రంలోకి మాత్రం వెళ్లవద్దు. అక్కడి ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, ఆటు నీరు అలలకు ఎదురు తగిలేచోట చిన్న పడవ తిరగబడే ప్రమాదం ఉంది. లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయో లేవో మీ మామగారి చేత ఈరోజే అడిగించండి.