సైలెన్సరు ఊడిపోయిన కారును షెడ్డు దాకా నడపవచ్చా?

మర్రిపాలెం నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో దాదాపు పద్నాలుగేళ్లుగా వాడుతున్న చిన్న పెట్రోలు కారుకు పొగగొట్టం తుప్పు తినేసి గత వారం ఒక అతుకు దగ్గర విడిపోయింది. స్టార్టు చేస్తే చాలు, కింద ట్రాక్టరు నడుస్తున్నట్టు మోత వస్తోంది. ఇక్కడ విశాఖపట్నంలోనే గాజువాక ఆటోనగర్‌లో మేము ఎప్పుడూ పని చేయించే షెడ్డువారు విడిభాగం రావడానికి నాలుగైదు రోజులు పడుతుందని, ఆ తరువాత బండిని తీసుకువస్తే ఒక పూటలో బిగించి ఇస్తామని చెప్పారు. చిక్కేమిటంటే, ఈలోగా కంటి ఆపరేషను చేయించుకున్న మా నాన్నగారిని హనుమంతవాక వైపు ఉన్న ఆసుపత్రికి పరీక్ష కోసం తీసుకువెళ్లాలి. ఆ పైన బండిని ఎన్ఏడీ కూడలి, షీలానగర్ మీదుగా గాజువాక చేర్చాలి.

కావాలని శబ్దం పెంచుకున్న బుల్లెట్ బండ్ల సైలెన్సర్లను మన నగర పోలీసులు పీకించి రోడ్డు రోలరుతో తొక్కించడం అందరమూ చూశాము. నాది కావాలని చేసినది కాదు, పాడైపోయినది. చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుందా? నా పొల్యూషన్ సర్టిఫికెట్టుకు ఇంకా గడువు ఉంది కనుక అది చూపిస్తే సరిపోతుందా? మరమ్మతుకే తీసుకువెళ్తున్నానని చెబితే మినహాయింపు ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

సీతమ్మధార మిత్రుడు:

మీరు అనవసరంగా కంగారు పడుతున్నారని నాకు అనిపిస్తోంది. పోలీసులు ఆపేది బీచ్ రోడ్డులో అర్ధరాత్రి గోల చేసే కుర్రవాళ్లను గానీ, పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లే కుటుంబీకులను కాదు. షెడ్డువారి చేత విడిభాగానికి అంచనా చీటీ ఒకటి రాయించుకుని దగ్గర పెట్టుకోండి, ఎవరైనా ఆపితే చూపించండి. విడిపోయిన చోట రేకు చుట్టి క్లిప్పు బిగిస్తే నాలుగు రోజులు లాక్కురావచ్చు.

ఎంవీపీ కాలనీ న్యాయవాది:

పై మిత్రులు చెప్పినది రోడ్డు మీద తరచుగా జరిగే మాటే కావచ్చు, కానీ ప్రశ్న చట్టం గురించి కనుక దాని సంగతి చెబుతాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 120వ నియమం ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ, ఇంజను నుంచి వెలువడే వాయువుల శబ్దాన్ని వీలైనంత మేరకు తగ్గించే సైలెన్సరు ఉండి తీరాలి. అది ఎందుకు పాడైంది, ఎవరు పాడు చేశారు అన్న ప్రస్తావన ఆ నియమంలో లేదు. కనుక తుప్పు వల్ల ఊడినా, సరదా కోసం ఊడదీసినా 120వ నియమం దృష్టిలో రెండూ ఒకటే. తేడా వచ్చేది శిక్ష దగ్గర.

మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ రెండో ఉపవిభాగం రోడ్డు భద్రత, శబ్ద నియంత్రణ, వాయు కాలుష్యం ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపినవారికే కాక, నడపనిచ్చినవారికీ వర్తిస్తుంది. అంటే బండిని మీ తమ్ముడి చేతికిచ్చి పంపినా మీరు తప్పించుకోలేరు. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు, దానితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. ఇవి గరిష్ఠ పరిమితులు. 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన రుసుము కట్టి అక్కడికక్కడే ముగించుకోదగిన నేరాల్లో ఇదీ ఒకటి, ఆచరణలో ఎక్కువగా జరిగేదీ అదే. అధికారి దీనిని కేవలం నియమ ఉల్లంఘనగా చూసి 177వ సెక్షన్ కింద రాస్తే మొదటిసారి 500, తరువాత 1,500 రూపాయల వరకు పడుతుంది. ఏ సెక్షన్ రాస్తారన్నది ఎదురుగా నిలబడిన అధికారి విచక్షణ. అంచనా చీటీ ఉపయోగపడేది ఆ విచక్షణ దగ్గరే. అది మినహాయింపు పత్రం కాదు.

పాడైన బండిని మరమ్మతుకు నడుపుకుంటూ వెళ్తే తప్పు లేదని మన చట్టంలో ఎక్కడా రాసి లేదు. దానికి తోడు 190వ సెక్షన్ మొదటి ఉపవిభాగం ఒకటుంది. లోపం ఉన్నదని తెలిసీ, లేదా కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసి ఉండేదై కూడా, ఇతరులకు ప్రమాదకరమైన స్థితిలో బండిని నడిపితే 1,500 రూపాయల వరకు జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వేలాడుతున్న గొట్టం హైవే మీద ఊడిపడి వెనుక వచ్చే స్కూటరు చక్రాల కింద పడితే సంగతేమిటో ఆలోచించండి. ‘తెలియదు’ అనడానికి కూడా ఇక వీలు లేదు, మీరే ఇక్కడ ఇంత వివరంగా రాశారు కదా.

డెసిబెల్ మీటరు పెట్టి కొలవకుండా చలానా ఎలా వేస్తారని కొందరు వాదిస్తుంటారు. తొమ్మిది సీట్ల లోపు కార్లకు నిర్దేశించిన 74 డెసిబెళ్ల పరిమితి తయారీ దశలో, పరీక్షా స్థలంలో కొలిచేది కనుక, 190(2) కింద వేసిన చలానాను ఆ కారణంతో కోర్టులో ప్రశ్నించవచ్చు. కానీ సైలెన్సరు అసలు పనిచేస్తోందా లేదా అన్న 120వ నియమం ప్రశ్నకు మీటరు అక్కరలేదు, చెవులు చాలు. ఇంకొక మాట: ఆసుపత్రుల చుట్టూ నూరు మీటర్ల మేర ప్రాంతాన్ని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. మీరు వెళ్లేదే ఆసుపత్రికి కనుక, ఆ గేటు ముందు మీ బండికి సానుభూతి తక్కువగా దొరుకుతుంది.

గాజువాక మెకానిక్కు:

చట్టం సంగతి వకీలుగారు చెప్పారు. నాకు తెలిసినది బండి కింద ఏమి జరుగుతోందన్నది. మీరు ‘ఒక అతుకు దగ్గర విడిపోయింది’ అన్నారు గానీ ఏ అతుకో చెప్పలేదు. అసలు విషయమంతా అక్కడే ఉంది. ఇంజనుకు బిగించిన మానిఫోల్డు, దాని వెనుక ముందు పైపు, తీగల అల్లిక చుట్టిన ఫ్లెక్సిబుల్ పైపు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు, మధ్య పైపు, చివర డబ్బా (సైలెన్సరు), ఇదీ వరుస (కొన్ని బండ్లలో కన్వర్టరు మానిఫోల్డుకే అంటుకుని ఉంటుంది). చివరి డబ్బా దగ్గర విడిపోతే మోత ఎక్కువ, ప్రమాదం తక్కువ. ముందు సీట్ల కిందనో ఇంజను గది దగ్గరో విడిపోతే మోత కన్నా పొగ గురించి ఆలోచించాలి.

చూసే పద్ధతి కష్టమేమీ కాదు. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, ఒకరు మందపాటి తడి గుడ్డతో వెనుక గొట్టం మూతిని క్షణం సేపు అదిమితే, లీకు ఉన్నచోట బుస్సుమని శబ్దం వస్తుంది. తరువాత ఇంజను ఆపి టార్చి వేసి చూస్తే అక్కడ నల్లటి మసి చార కనబడుతుంది. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందకు మాత్రం ఎవరూ దూరవద్దు.

లీకు ముందు భాగంలో ఉంటే కార్బన్ మోనాక్సైడు నేల రేకు సందుల్లోంచి, ఏసీ గాలి పీల్చే దారిలోంచి లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. బండి పరుగు మీద ఉన్నప్పుడు గాలికి కొంత చెదిరిపోతుంది గానీ, మద్దిలపాలెం సిగ్నలు దగ్గర అద్దాలు ఎత్తి ఏసీ వేసుకుని నిలబడితే పోగవుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మగత మొదటి సూచనలు. పెద్దవయసువారిలో వీటిని ఎండ దెబ్బనో నీరసమనో అనుకుని ఊరుకుంటారు. అందువల్ల మీ నాన్నగారిని ఆ బండిలో తీసుకువెళ్లవద్దని నా సలహా. ఆటో గానీ క్యాబు గానీ మాట్లాడుకోండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

ఇక రేకు చుట్టి క్లిప్పు బిగించడం అంటారా, చివరి పైపుకైతే అది రెండు రోజులు ఆగవచ్చు. కన్వర్టరు దగ్గర వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది, అక్కడ టేపులు, పేస్టులు నిలవవు. తుప్పు పట్టిన రేకు మీద వెల్డింగు కొట్టినా అంతే, నిప్పు తగిలిన చోటు పక్కనే ఇంకొక చిల్లు పడుతుంది.

ఇంత త్వరగా ఎందుకు తుప్పు పడుతుందని చాలామంది అడుగుతారు. ఉప్పుగాలి ఒక కారణమే, కానీ తుప్పు ఎక్కువగా లోపలి నుంచి మొదలవుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా బయటకు వస్తుంది. మర్రిపాలెం నుంచి కంచరపాలెం బజారుకు వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాల్లో డబ్బా పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు ఆమ్లంతో కలిసి లోపలే నిలిచిపోతుంది. చాలా డబ్బాలకు కింద నీరు కారడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే డబ్బా ఆయుష్షు తగ్గిపోతుంది.

మర్రిపాలెం నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. మెకానిక్కుగారు చెప్పినట్టే తడి గుడ్డతో చూశాము. ముందు సీటు కింద, ఫ్లెక్సిబుల్ పైపు వెనుక అతుకు దగ్గర మసి చార స్పష్టంగా ఉంది. నాన్నగారికి క్యాబు మాట్లాడాను. ఇంకొక సందేహం. ఇంటికి దగ్గరలో ఉన్న వేరే షెడ్డు వ్యక్తి ఒకరు, కన్వర్టరు ఎలాగూ పాతబడింది, దానిని తీసేసి తిన్నని పైపు వేస్తే ఖర్చులో మూడో వంతుకే పని అయిపోతుందని, మైలేజీ కూడా పెరుగుతుందని, పాత కన్వర్టరును తానే తీసుకుంటానని అంటున్నారు. ఇది మంచిదేనా?

మాధవధార విశ్రాంత బ్రేక్ ఇన్‌స్పెక్టరు:

దయచేసి ఆ పని చేయించకండి. ఇప్పటి వరకు మీది పాడైన బండి. తిన్నని పైపు వేయించిన మరుక్షణం అది మార్పు చేసిన బండి అవుతుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. అలా మార్చిన యజమానికి 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. బుల్లెట్ కుర్రవాళ్లకూ మీకూ తేడా ఏమిటని మీరు మొదట అడిగారు కదా, ఆ తేడా కాస్తా పోతుంది.

పాత కన్వర్టరును ఆయన ఉచితంగా ఎందుకు తీసుకుంటానంటున్నారో కూడా చెప్పాలి. దానిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత ఉంటుంది, పాత సామాను బజారులో దానికి మంచి ధర పలుకుతుంది. మైలేజీ పెరుగుతుందన్నది వట్టి మాట. మీ బండికి మైలేజీ తగ్గి ఉంటే కారణం ఈ లీకే కావచ్చు: ఆక్సిజన్ సెన్సరుకు ముందు లీకు ఉంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది, ఇంజనుకు ఇంధనం తక్కువగా అందుతోందని కంప్యూటరు పొరబడి ఎక్కువ పెట్రోలు పంపుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్టు గురించి మీ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ పరీక్షలో శబ్దాన్ని కొలవరు, వెనుక గొట్టంలో గొట్టపు సూది పెట్టి వాయువులను మాత్రమే కొలుస్తారు. బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో మూడో దశ) పెట్రోలు కార్లకు ఐడ్లింగులో, అంటే బండి నిలిచి ఇంజను మాత్రమే తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడు పరిమితి 0.5 శాతం, బీఎస్-4 కార్లకు 0.3 శాతం. మధ్యలో లీకు ఉన్న బండిలో వాయువు కొంత ముందే బయటకు పోయి, బయటి గాలి కలిసి, సూదికి అందేది పలుచబడుతుంది కనుక అంకె తక్కువగా వచ్చే అవకాశం ఉంది. సర్టిఫికెట్టు చేతిలో ఉన్నా 116వ నియమం కింద సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గానీ అనుమానం వస్తే మళ్లీ పరీక్ష చేయించమనవచ్చు.

పద్నాలుగేళ్ల బండి అన్నారు. పదిహేనేళ్లు నిండగానే ఆర్సీ రెన్యూవలుకు బండిని తనిఖీకి తేవాలి, నెగ్గితే ఐదేళ్లకు పొడిగిస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు బానెట్టు కన్నా ముందు పొగగొట్టం వైపే వంగి చూసేవాడిని. యజమాని బండిని ఎలా చూసుకున్నాడో అక్కడ తెలిసిపోయేది. ఏడాది కోసం చవక పైపు వేయించి, తరువాత కొత్త కన్వర్టరు కొనడం రెట్టింపు దండగ.

మర్రిపాలెం నివాసి:

అర్థమైంది. తిన్నని పైపు ఆలోచన మానేశాను. విడిభాగం రాగానే బండిని లాగుడు వాహనం మీద ఆటోనగర్ చేర్చడానికి మాట్లాడుకున్నాను. చలానా మాట అలా ఉంచి, సీటు కింద ఆ మసి చూశాక నడపబుద్ధి కాలేదు.

గాజువాక మెకానిక్కు:

మంచి పని చేశారు. పని చేయించేటప్పుడు దగ్గరుండి మూడు సంగతులు చూసుకోండి. వెల్డింగు ఏదైనా చేస్తే ముందు బ్యాటరీ నెగటివు తీగ విప్పించండి, లేకపోతే ఈసీయూకు (ఇంజనును నియంత్రించే కంప్యూటరుకు) దెబ్బ. పొగ కారకుండా అతుకు మధ్య పెట్టే గ్యాస్కెట్టు పాతది మళ్లీ పెట్టనివ్వకండి. గొట్టాన్ని పట్టి ఉంచే రబ్బరు కొక్కేలు పగిలి ఉంటే అవి కూడా మార్పించండి, బరువంతా అతుకు మీద పడి విడిపోయింది వాటివల్లనే అయి ఉండవచ్చు. బిగించాక ఇంజను వేడెక్కే దాకా నడిపించి, చల్లారిన తరువాత బోల్టులు మరొకసారి బిగించమనండి.