హెచ్‌ఈసీ తీసుకుంటే భవిష్యత్తు పాడైపోతుందా?

పదో తరగతి అమ్మాయి తల్లి:
మా అమ్మాయికి పదిలో మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, ఆ తర్వాత బీఏ చరిత్ర చదువుతానంటోంది. "ఎంపీసీ రానివాళ్లు చదివేది అది" అంటున్నారు మావారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?

బీఏ చదివినతను:
వద్దక్కా. నేను బీఏ చేసి నాలుగేళ్లు గ్రూప్స్ కోచింగ్‌లో గడిపాను. చివరికి కంప్యూటర్ కోర్సు చేశాకే ఉద్యోగం దొరికింది. చరిత్ర సెలవుల్లో చదువుకోవచ్చు. ఇంజనీరింగ్ అలా కుదరదు.

చరిత్ర లెక్చరర్:
సెలవుల్లో చదువుకోవచ్చన్న మాట ఒప్పుకోలేను తమ్ముడూ. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో రేనాటి చోళ రాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. క్రీ.శ. 575 నాటిదని అంచనా. దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిదంటారు. ఇలాంటిది చదవాలంటే రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది ముద్ర తీయాలి. తెలుగు, కన్నడ కలిసి ఉన్న అప్పటి లిపి రావాలి. సంస్కృతం రావాలి. అరిగిపోయిన చోట ఏ అక్షరం ఉండొచ్చో, ఇంకోటి ఎందుకు ఉండకూడదో వాదించగలగాలి. ఏళ్ల తరబడి గురువు దగ్గర కూర్చుంటేనే వచ్చే పని ఇది.

ఆ కాలపు శాసనాల్లో 'ఴ' అనే అక్షరం ఉంది. తర్వాత మన వాడుకలోంచి పోయింది. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్ పట్టికలో, తెలుగు భాగంలో 2014లో చేరింది కాబట్టి ఇప్పుడిక్కడ టైప్ చేయగలిగాను. కంప్యూటర్ తెలిసినవాళ్లు కోడ్ ఇవ్వగలరు. అలాంటి అక్షరం ఒకటుందని చెప్పాల్సింది మాత్రం శాసనాలు చదివినవాళ్లే.

బీఏ చదివినతను:
ఈ అక్షరం సంగతి నాకు తెలియదు సార్. కానీ ఆ చదువుకి ఉద్యోగాలెన్ని? మా ఊరి డిగ్రీ కాలేజీలో చరిత్ర గ్రూపే ఎత్తేశారు.

చరిత్ర లెక్చరర్:
తక్కువే, అబద్ధం చెప్పను. పోస్టులు లేవని గ్రూపు ఎత్తేస్తారు, గ్రూపు పోయాక ఉన్న పోస్టులూ పోతాయి. అందుకే అమ్మా, పాపని బీఏతో ఆపొద్దు. సంస్కృతం, ఇంగ్లీషు ఇప్పట్నుంచే గట్టిగా నేర్పించండి. ఇంట్లో అప్పులుంటే మాత్రం తమ్ముడి మాట కూడా ఆలోచించండి.

పదో తరగతి అమ్మాయి తల్లి:
అప్పులు లేవండీ. ఇదంతా చదివి, ఆ అక్షరం ఎలా పలకాలని అడుగుతోంది.

చరిత్ర లెక్చరర్:
తమిళులు 'తమిళ్' అన్నప్పుడు చివర నాలుక వెనక్కి మడిచి పలుకుతారు కదా, అదేనమ్మా.