'హై' అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా? నగోయాలో నా 12 రోజులు

పాలకొల్లు77:
ఆఫీసు పని మీద మొదటిసారి దేశం దాటాను. జపాన్‌లో నగోయా, 12 రోజులు. కార్ల విడిభాగాల కంపెనీ మా క్లయింటు. రైళ్లు, శుభ్రం గురించి అందరూ రాస్తారు, అవి వదిలేస్తున్నా.

మూడో రోజు మీటింగు. అవతల ఆరుగురు. వాళ్లిచ్చిన విజిటింగ్ కార్డులు రెండు చేతులతో తీసుకుని, వాళ్లు కూర్చున్న వరసలోనే నా ముందు టేబుల్ మీద పెట్టుకున్నాను. గంటసేపు మా ప్లాన్ చెప్పాను. ప్రతి స్లయిడుకీ తలూపుతూ 'హై, హై' అన్నారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఒప్పుకున్నారని ఆ రాత్రే మా మేనేజరుకి మెయిల్ పెట్టాను. తొమ్మిదో రోజున 'ఈ ప్లాన్ కొంచెం కష్టం' అని జవాబు వచ్చింది. హోటల్ గదిలో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాకు కలిగిన అభిప్రాయం ఒకటే. మొహం మీద మర్యాద, లోపల ఇంకోటి. పని మీద వెళ్లిన మిగతావాళ్లకీ ఇలాగే అనిపించిందా?

నిషికసాయి_వాసి:
టోక్యోలో 11 ఏళ్లుగా ఉంటున్నాను, అందుకే రాస్తున్నా. 'హై' అంటే 'అవును' అని పుస్తకాల్లో ఉంటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా మధ్యమధ్యలో అనే 'హై'కి అర్థం 'వింటున్నాను, చెప్పండి' అని. దీన్ని ఐజుచి అంటారు. అమ్మమ్మ ఏడు చేపల కథ చెబుతుంటే మనం ఊ కొట్టేవాళ్లం కదా. ఊ కొట్టినంత మాత్రాన చేప ఎండలేదంటే ఒప్పుకున్నట్టా? కుదరదని వాళ్లు నోటితో చెప్పరు. 'చొత్తో...', అంటే 'కొంచెం...' అని ఆగిపోతారు, లేదా పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీలుస్తారు. ఆ మీటింగులో ఎవరైనా అలా చేశారా?

పాలకొల్లు77:
చేశారు. వాళ్లలో అందరికంటే పెద్దాయన, 14వ స్లయిడు దగ్గర. గడువు తేదీలున్న స్లయిడు అది. అలసిపోయారేమో అనుకున్నా. కానీ కథకి ఊ కొట్టడం వేరు, పనిలో ఊ అనడం వేరు. సంబంధం మాట్లాడేటప్పుడు ఊ అంటే ఊ అన్నట్టే. ఆ మాట మీద ముహూర్తాలు పెట్టుకుంటారు.

కృష్ణలంక_బాబు:
2017లో రైలు 20 సెకన్లు ముందు బయల్దేరిందని జపాన్‌లో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైళ్లు నడిపే కంపెనీ క్షమాపణ చెప్పింది. అలాంటివాళ్లు మోసం చేస్తారా?

పాలకొల్లు77:
నేను రైలు గురించి అడగలేదండీ. మోసం అని కూడా అనలేదు.

తెనాలి_శాకాహారి:
వచ్చే నెల నేనూ వెళ్తున్నా. భోజనం సంగతి ఎవరైనా చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_పిల్ల:
తెనాలి గారూ, సూపుల్లో, పులుసుల్లో పైకి కూరగాయలే కనిపిస్తాయి, అడుగున దాషి ఉంటుంది. అది ఎక్కువగా ఎండు చేప తురుముతో కాస్తారు. మూడు వారాలు నేను తెల్లన్నం, పెరుగు, అరటిపండ్లతో గడిపాను. అన్నీ కొంబినీల్లో, అంటే వీధి వీధికీ ఉండే చిన్న సరుకుల షాపుల్లో దొరికాయి. కందిపొడి తప్పకుండా పట్టుకెళ్లండి.

పాలకొల్లు అన్నా, నాకు కలిగిన అభిప్రాయం వేరు. టెస్టింగ్ పని మీద టోక్యో వెళ్లాను. ఒకరోజు లేటయింది, రాత్రి 11 దాటాక ఒక్కదాన్నే రైలెక్కాను. నా వైపు ఎవరూ చూడలేదు, ఫోన్‌లో ఎవరూ మాట్లాడటం లేదు. రెండు స్టేషన్లు దాటాక గమనించాను, బ్యాగు నా ఒళ్లో ఉంది. ఇక్కడైతే ఎప్పుడూ గుండెలకి అదుముకుని కూర్చుంటాను. వాళ్ల మౌనం మీకు దాపరికంలా తోచింది, నాకు ఊపిరి ఆడినట్టు అనిపించింది.

నిషికసాయి_వాసి:
చెల్లెమ్మా, ఇదీ పూర్తి బొమ్మ కాదు. ఉదయం రద్దీలో అక్కడ చాలా లైన్లలో ఆడవాళ్లకి ప్రత్యేక బోగీ ఉంటుంది. కిక్కిరిసిన రైళ్లలో వేధింపులు ఉన్నాయి కాబట్టే పెట్టారు. మూడు వారాల్లో అది కనపడదు.

ఓరుగల్లు_పిల్ల:
ఉంటాయి, కాదనను. నేను జపాన్‌కి సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ రాత్రి నాకేమనిపించిందో చెప్పాను. పాలకొల్లు అన్న చెడు రాస్తే 'నీకు తెలియదు' అన్నారు, నేను మంచి రాసినా 'నీకు తెలియదు' అంటున్నారు. 11 ఏళ్లు ఉంటే తప్ప ఎవరూ నోరు తెరవకూడదా?

పాలకొల్లు77:
సరిగ్గా చెప్పావమ్మా. అక్కడ స్థిరపడ్డవాళ్లంతా వాళ్ల వకీళ్లయిపోతారు.

అసలు మంట ఇప్పుడు చెబుతాను. ప్రయాణానికి ముందు మాకు రెండు రోజులు ట్రైనింగు ఇచ్చారు. అందులో చెప్పిన మాట: 'ఇండియన్లు కాదని చెప్పలేరు, అన్నిటికీ యెస్ అంటారు, తల అడ్డంగా ఊపుతారు, ఇవి మానుకోవాలి'. నేను తల కదపకుండా కూర్చోవడం కూడా ప్రాక్టీసు చేశాను. తీరా వెళ్తే అవతలివాళ్లు చేసిందీ అదే పని! మనం ఊ అంటే లోపం, వాళ్లు హై అంటే సంస్కృతి. అమ్మేవాడి ఊకి ఒక అర్థం, కొనేవాడి ఊకి ఇంకో అర్థమా? కార్డు రెండు చేతులతో అందుకోవడం నేను నేర్చుకున్నాను. మన తల ఊపు ఏమిటో వాళ్లలో ఒక్కరైనా నేర్చుకున్నారా?

బెజవాడ_సేల్స్:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు విషయం బయటికొచ్చింది. మీ మేనేజరు ఇంతకు ముందు అక్కడికి వెళ్లారా?

పాలకొల్లు77:
నాలుగుసార్లు. మెయిల్ చూసి 'గుడ్' అని జవాబిచ్చారు. తర్వాత నా అప్రైజల్‌లో 'క్లయింటు మనసు గ్రహించలేకపోయాడు' అని రాశారు.

నిషికసాయి_వాసి:
తమ్ముడూ, ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను ఇంత గట్టిగా మాట్లాడేవాడిని కాదు. కొనేవాడు, అమ్మేవాడు అన్న మాట నిజమే. కానీ అది మనవాళ్లకి మాత్రమే జరగడం లేదు. జపాన్‌లో అమ్మే కంపెనీవాళ్లు జపాన్ క్లయింటు ముందు నీకంటే ఎక్కువ వంగుతారు. మీటింగు అయ్యాక లిఫ్టు తలుపులు మూసుకునేదాకా వంగే ఉంటారు. నేనూ ఉన్నాను అలా.

నాకెందుకు కోపం వచ్చిందో కూడా చెబుతాను. మా బాబు ఇక్కడే బడికి వెళ్తున్నాడు. వాడు పుట్టినప్పుడు మా వాళ్లెవరూ రాలేకపోయారు. పక్కింటి ముసలావిడ మూడు వారాలు రోజూ తలుపు కొట్టి అన్నం గిన్నె చేతికిచ్చి వెళ్లిపోయేది. ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. 'లోపల ఇంకోటి' అన్న ముక్క చదవగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

పాలకొల్లు77:
ఆవిడ గురించి నేనేం అనలేదన్నా. ఆ మాట ఆవిడకి తగిలితే వెనక్కి తీసుకుంటా. మీటింగు గదికి సంబంధించినంత వరకు నా మాట మీదే ఉన్నాను. ఇష్టం లేనప్పుడు చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. ఊహించాల్సిన బాధ్యత నాది కాదు.

నిషికసాయి_వాసి:
అక్కడే మన ఇద్దరికీ కుదరదు. నా లెక్కలో ఆ మీటింగు నిర్ణయానికి పెట్టింది కాదు. నెమవాషి అని ఉంది. తోటపనిలో మాట, చెట్టుని వేరేచోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం. ఆఫీసుల్లో అంటే ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఒప్పించుకోవడం. మన దగ్గర పెళ్లిచూపులకి ముందే మధ్యవర్తి కట్నకానుకలు తేల్చుకుని రాడూ? నిన్ను మధ్యవర్తి లేకుండా పంపారు.

బెజవాడ_సేల్స్:
పంపింది మన కంపెనీలే కదండీ. జపాన్‌ని ఎందుకు తిడుతున్నాం మరి?

ఓరుగల్లు_పిల్ల:
అన్నా, మళ్లీ వెళ్తున్నారా?

పాలకొల్లు77:
ఆగస్టులో. అదే క్లయింటు, అదే గది.

నిషికసాయి_వాసి:
ఆ 14వ స్లయిడు పెద్దాయన కార్డు ఉందిగా నీ దగ్గర. మీటింగుకి రెండు రోజుల ముందు ఆయన్ని ఒక్కడినే కలువు. గడువు తేదీలు మాత్రమే చూపించి, మాట్లాడకుండా కూర్చో.

పాలకొల్లు77:
కార్డు ఉంది. ఇంగ్లీషు రాదేమో ఆయనకి, రెండో వైపు ఖాళీ. ఎవరైనా దుబాసీ ఉంటే చెప్పన్నా.